కెనాన్ 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్: పాత మేడలు కూలేలోపు కొలతలతో సహా పట్టుకోవడానికి

విజయవాడ వన్‌టౌన్‌లో పాత మేడని ఫొటో తీయబోతే మొదట తగిలే ఇబ్బంది జాగా లేకపోవడం. శివాలయం వీధిలోనో, ఇస్లాంపేట సందుల్లోనో ఎదురు గోడకి వీపు ఆనించి నిలబడ్డా పిట్టగోడ ఫ్రేములోకి రాదు. కెమెరా పైకెత్తితే వస్తుంది గానీ మేడ వెనక్కి వాలినట్టు పడుతుంది, కింద వెడల్పు, పైన ఇరుకు. చూడ్డానికి బాగానే ఉండొచ్చు. ఆ మేడ కూలిపోయాక మాత్రం కిటికీ ఎత్తెంత, కమాను వెడల్పెంత, పై అంతస్తు కింది అంతస్తులో ఎన్నో వంతు అని ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.

కెనాన్ టీఎస్-ఈ 24 ఎంఎం ఎఫ్/3.5ఎల్ రెండో వెర్షన్ ఈ ఇబ్బంది తీర్చే లెన్సు. 2009లో వచ్చింది. బరువు 780 గ్రాములు, ముందు ఫిల్టరు సైజు 82 ఎంఎం, ఫోకస్ మొత్తం చేత్తోనే. పోబోయే కట్టడాలని రికార్డు చేయడం అనే ఒక్క పనికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో ఇక్కడ రాస్తున్నాం. తేల్చిన మాట ముందే చెప్పేస్తాం: 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ (36 x 24 ఎంఎం సెన్సారు) కెమెరా చేతిలో ఉండి, ఇరుకు వీధుల్లో పనిచేసేవాళ్ళు దీన్ని అద్దెకి తెచ్చుకుంటే మంచిది. సొంతంగా కొనడం చాలామందికి అక్కర్లేదు.

షిఫ్ట్ చేసే పని, అడుగుల్లో

మామూలు లెన్సులో గాజు కెమెరాకి సూటిగా బిగించి ఉంటుంది. ఇందులో గాజు భాగాన్ని ఓ చిన్న నాబ్ తిప్పి పైకీ కిందికీ, లేదా పక్కలకీ 12 ఎంఎం దాకా జరపొచ్చు. కెమెరా గోడకి సమాంతరంగా నిటారుగానే ఉంటుంది, చూపు మాత్రం పైకి జరుగుతుంది. అందుకే నిలువు గీతలు నిలువుగానే నిలుస్తాయి. ఇలా జరపడానికి సెన్సారు కంటే పెద్ద బొమ్మ లోపల పడాలి. ఈ లెన్సు వేసే వృత్తం వ్యాసం 67.2 ఎంఎం. మామూలు ఫుల్‌ఫ్రేమ్ లెన్సుకి 43 చాలు. ధరంతా ఆ తేడాలోనే ఉంది.

20 అడుగుల వీధి అనుకోండి. కెమెరా 5 అడుగుల ఎత్తులో, గోడకి సరిగ్గా 20 అడుగుల దూరంలో ఉంది. ఫ్రేము నిలువుగా పెట్టాం. షిఫ్ట్ లేకుండా ఈ లెన్సు నేల నుంచి 20 అడుగుల ఎత్తు దాకానే చూస్తుంది, కింద మూడో వంతు ఫ్రేము రోడ్డు తినేస్తుంది. 12 ఎంఎం పైకి జరిపితే 30 అడుగుల దాకా వస్తుంది. అయితే అప్పుడు ఫ్రేము కింది అంచు సరిగ్గా గోడ మొదట్లో ఆగిపోతుంది, ఇంటి ముందు మెట్టూ కాలవా తెగిపోతాయి. అందుకని 10 ఎంఎం దగ్గర ఆపడం మేలు. పైన 28 అడుగులు వస్తాయి, కింద వీధి కూడా కాస్త కనిపిస్తుంది. ఫ్రేము వెడల్పు మాత్రం 20 అడుగులే. ఇల్లు అంతకంటే వెడల్పుంటే కెమెరాని గోడకి సమాంతరంగా పక్కకి జరిపి రెండో ఫొటో, మూడో ఫొటో తీసి కలుపుకోవాలి.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 20 అడుగుల వీధిలో 20 అడుగుల దూరం దొరకదు. ట్రైపాడ్ కాళ్ళూ, వెనక నిలబడే మనిషీ పోగా 17 అడుగులు మిగిలితే గొప్ప. 17 అడుగుల నుంచి 10 ఎంఎం షిఫ్టుతో అందేది దాదాపు 25 అడుగులు. ఒకటో అంతస్తు మేడకి అది పిట్టగోడ దగ్గర కొద్దిలో తప్పిపోవచ్చు. ఎదురింటి అరుగు ఎక్కి కెమెరా పెట్టుకుంటే ఆ రెండు మూడడుగులు కలిసొస్తాయి. వన్‌టౌన్ పాత ఇళ్ళకి అరుగులుండడం ఇక్కడ నిజంగా వరం.

ఇంకో సంగతి, దీన్ని లెన్సు అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. ఎదురు మేడ ఒకటో అంతస్తులోకి అనుమతి దొరికితే ఈ లెన్సు అవసరమే లేదు. కెమెరా 15 అడుగుల ఎత్తులో ఉంటే మామూలు 24 ఎంఎం లెన్సే, నిలువు ఫ్రేములో, 20 అడుగుల దూరం నుంచి నేల మొదలు 30 అడుగుల దాకా నిటారుగా పడుతుంది. కాబట్టి లెన్సు బుక్ చేసే ముందు ఎదురింటి తలుపు కొట్టండి. "అమ్మా, ఈ ఎదురు మిద్దె కొట్టేస్తారట, మీ బాల్కనీలోంచి ఓ ఫొటో తీసుకోనిస్తారా?" అని మర్యాదగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. ఫొటో పంపుతామని చెప్పి, తప్పకుండా పంపండి.

16 ఎంఎంతో తీసి కోసేస్తే సరిపోదా?

చాలావరకు సరిపోతుంది, దాన్ని దాచడం భావ్యం కాదు. చేతిలో 16-35 జూమ్ ఉంటే 16 దగ్గర పెట్టి, కెమెరాని రసమట్టం మీద నిలువుగా ఉంచి, ఫొటో తీసి కింది రోడ్డు భాగం కోసేయండి. అదే 20 అడుగుల నుంచి 27 అడుగుల ఎత్తు దాకా వస్తుంది, పైగా వెడల్పు 30 అడుగులు వస్తుంది. గీతలు నిటారుగానే ఉంటాయి, ఎందుకంటే కెమెరా ఎత్తలేదు. నిలువు గీతలు వంగకుండా కాపాడేది కెమెరా మట్టంగా ఉండడమే. షిఫ్ట్ చేసేది ఆ మట్టం చెడకుండా పైభాగాన్ని అందుకోవడం.

నష్టం వివరంలో వస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో షిఫ్ట్ లెన్సుతో తీసిన ఫొటోలో ఒక్కో పిక్సెల్ గోడ మీద 1.5 మిల్లీమీటర్లకి సమానం. 16 ఎంఎంతో అది 2.3 మిల్లీమీటర్లు. ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పిట్టగోడ నడుమ గచ్చుతో పోసిన అక్షరాల దగ్గర. చాలా పాత మేడలకి అక్కడ కట్టించినవారి పేరో, సంవత్సరమో ఉంటుంది. పొరలు పొరలుగా సున్నం కొట్టీ కొట్టీ అంచులు మొద్దుబారి, వాన నీరు కారిన నల్ల చారలు మీద పడి, చెయ్యెత్తు అక్షరమైనా కింద నుంచి ఆనవాలుగానే కనిపిస్తుంది. 1.5 మిల్లీమీటర్ల పిక్సెల్ దగ్గర 3 కి 8 కి తేడా పట్టుకోవచ్చు. 16 ఎంఎం ఫొటోలో ఆ అక్షరాలు పై అంచున పడతాయి, వైడ్ లెన్సులు మెత్తబడేదీ అక్కడే. సంవత్సరం దొరక్కపోతే ఆ ఇంటి రికార్డు సగం పోయినట్టే.

45 మెగాపిక్సెళ్ళ కెమెరా ఉన్నవాళ్ళకి ఈ లాభం చాలావరకు కరిగిపోతుంది. 16 ఎంఎంలోనే పిక్సెలుకి 1.7 మిల్లీమీటర్లు వస్తుంది. వాళ్ళు ఈ లెన్సు జోలికి పోకుండా మంచి ట్రైపాడ్ హెడ్డు మీద డబ్బు పెట్టడం నయం.

ఏపీఎస్-సీ సెన్సారు కెమెరాలకి మాత్రం ఈ లెన్సు వద్దు. చిన్న సెన్సారు మీద 24 ఎంఎం వైడ్ కాకుండా పోతుంది. అదే వీధిలో, అదే దూరంలో వెడల్పు 12 అడుగులకి పడిపోతుంది. గోడ మొదలు కనిపించేలా ఉంచితే ఎత్తు 19 అడుగులు దాటదు.

పెట్టుకునే వరస

మొదట మేడ ముఖానికి నట్టనడుమ నిలబడాలి. నడిమి తలుపు ఎదురుగా ఉంటే చాలనుకోవద్దు, పాత ఇళ్ళల్లో తలుపు నడిమధ్య ఉండాలని లేదు. లేజర్ దూరం మీటరుతో ట్రైపాడ్ నుంచి ఎడమ మూలకీ కుడి మూలకీ కొలవండి. రెండూ సమానమైతే సరిగ్గా నడుమ ఉన్నట్టు. మీటరు లేకపోతే మేస్త్రీల టేపు, ఇంకో మనిషి చాలు. తర్వాత కెమెరా స్క్రీను మీద గడుల గీతలు వేసుకుని, వరసగా ఉన్న కిటికీల కింది గడపని అడ్డ గీతతో కలపండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే హెడ్డుని పక్కకి కొద్దిగా తిప్పాలి. పైకీ కిందికీ మాత్రం కదపకూడదు.

ఆపైన రసమట్టం. కెమెరాలో ఉండే ఎలక్ట్రానిక్ లెవల్ సున్నా చూపించాలి, రెండు దిక్కులా. మామూలు బాల్ హెడ్డుతో ఇది విసుగు పుట్టిస్తుంది, ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. గేర్డ్ హెడ్డు (నాబ్‌లు తిప్పి ఒక్కో దిక్కుకీ విడిగా కొద్దికొద్దిగా కదిపేది) ఉంటే రెండు నిమిషాల పని. ఇంటి గోడ నిజంగానే ఒరిగి ఉండొచ్చు, పాత మేడల్లో అది మామూలే. అలాంటప్పుడు కెమెరాని గోడకి సరిపెట్టకండి. మట్టం భూమికే ఉండాలి. గోడ ఒరుగు ఫొటోలో ఒరుగుగానే పడాలి.

పాత డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండరులోంచి చూస్తూ తీసేట్టయితే షిఫ్ట్ చేయకముందే వెలుతురు కొలిచి, మాన్యువల్‌లో పెట్టేయాలి. లెన్సు పక్కకి జరిగాక కెమెరా లోపలి మీటరు తప్పుతుంది, ఫొటోలు మరీ తెల్లగానో నల్లగానో వస్తాయి. లైవ్ వ్యూలోనూ (వెనక స్క్రీను మీద చూస్తూ తీసేటప్పుడు), మిర్రర్‌లెస్ కెమెరాల్లోనూ సెన్సారే కొలుస్తుంది కాబట్టి ఆ బెడద లేదు. కెనాన్ మిర్రర్‌లెస్ (ఆర్ఎఫ్ మౌంటు) కెమెరాలకి ఈ లెన్సు తగిలించాలంటే ఈఎఫ్ అడాప్టరు తప్పనిసరి.

అప్పుడు షిఫ్ట్ నాబ్ తిప్పి, పిట్టగోడ పైన రెండడుగుల ఆకాశం ఉండేలా ఆపండి. వెంటనే లాక్ నాబ్ బిగించండి. ఈ లెన్సుతో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. పైకి జరిపిన గాజు భాగం బరువుకి మెల్లగా కిందికి దిగుతుంది. మొదటి ఫొటోలో 10 ఉన్నది మూడో ఫొటోకి 9 అయిందంటే, తర్వాత కలపబోతే అంచులు కలవవు.

ఫోకస్ స్క్రీనుని 10 రెట్లు పెద్దది చేసి చూడండి. ఎఫ్/8 దగ్గర, 6 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే సుమారు 1.7 మీటర్ల నుంచి అనంతం దాకా తేటగా ఉంటుంది కాబట్టి భయం లేదు. కానీ 10 ఎంఎం దాటి షిఫ్ట్ చేస్తే పై మూలలు లెన్సు వృత్తం అంచుకి చేరతాయి, అక్కడ కాస్త మెత్తదనం వస్తుంది. ఎఫ్/11 చేస్తే కుదుటపడుతుంది. ఎఫ్/16కి పోతే మొత్తం ఫొటో మెత్తబడుతుంది, వెళ్ళకండి.

టిల్ట్ అనే రెండో నాబ్ ఉంది, అది లెన్సుని 8.5 డిగ్రీల దాకా వంచుతుంది. గోడల పనికి అది సున్నాలోనే ఉండాలి. సున్నా దగ్గర పట్టి ఉంచే లాక్ ఇచ్చారు, వాడుకోండి. సంచీలోంచి తీసేటప్పుడు అర డిగ్రీ కదిలినా మేడ ఒక పక్క తేటగా, ఇంకో పక్క మసగ్గా వస్తుంది. చిన్న స్క్రీను మీద అది తెలీదు, ఇంటికెళ్ళాక తెలుస్తుంది, ఈలోపు జేసీబీ వచ్చి ఉండొచ్చు. ప్రతి ఫొటో ముందూ టిల్ట్ స్కేలు కళ్ళతో చూడడం అలవాటు చేసుకోవాలి.

కొలకర్ర

నిటారు ఫొటోకి విలువ కొలకర్రతో వస్తుంది. 2 మీటర్ల పీవీసీ గొట్టం తీసుకుని 25 సెంటీమీటర్లకో రంగు, నలుపూ తెలుపూ మార్చి మార్చి పూయండి. దాన్ని గోడకి ఆనించి నిలబెట్టి ఒక ఫొటో, తీసేసి ఒక ఫొటో. కెమెరా గోడకి సమాంతరంగా ఉంది కాబట్టి గోడ మీద ఎక్కడైనా ఒకటే స్కేలు. కర్ర ఎన్ని పిక్సెళ్ళో లెక్కపెట్టి, తలుపెత్తు, కిటికీ వెడల్పు, చూరు ఎత్తు అన్నీ తీయొచ్చు. రేపు ఆర్కిటెక్చర్ పిల్లలు ఎలివేషన్ (మేడ ముఖం కొలతల పటం) గీయాలన్నా ఇదే ఆధారం.

అయితే గోడ మట్టంలో ఉన్నవాటికే ఈ లెక్క. 20 అడుగుల నుంచి చూస్తే, గోడ కంటే 3 అడుగులు ముందుకొచ్చిన బాల్కనీ ఉన్నదానికన్నా 18 శాతం పెద్దగా కనిపిస్తుంది. లోపలికున్న వసారా చిన్నగా కనిపిస్తుంది. అందుకని కర్రని బాల్కనీ కింద ఒకసారి, వసారా లోపలి గోడకి ఒకసారి విడిగా పెట్టి తీయాలి.

కర్ర పట్టుకుని నిలబడితే వీధిలో జనం రోడ్డు వెడల్పు సర్వే అనుకుంటారు. విజయవాడలో ఆ భయానికి కారణం ఉంది, గోడల మీద మార్కింగు పడడం ఏంటో ఇక్కడివాళ్ళకి తెలుసు. 2016 పుష్కరాల ముందు కృష్ణ ఒడ్డున పనుల్లో ఇళ్ళూ గుళ్ళూ పోవడం చూశారు. కాబట్టి కర్ర బయటికి తీసే ముందే ఇంటివాళ్ళకీ, పక్క కొట్టువాళ్ళకీ ఎవరు మీరు, ఎందుకు తీస్తున్నారు, ఫొటో ఎక్కడ పెడతారు అనేది చెప్పాలి. పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఇల్లు ఎప్పుడు కట్టారు, కలప ఎక్కడినుంచి తెచ్చారు, కింద ఏ వ్యాపారం నడిచింది అన్నది చెప్పేది వాళ్ళే. అది ఫొటోతో పాటే రాసుకోవాలి.

వెలుతురు, తీగలు, బళ్ళు

తూర్పు ముఖం ఇంటిని పొద్దున్నే తీయమంటారు. ఇరుకు వీధిలో ఆ సలహా పనిచేయదు. 20 అడుగుల వీధికి అటు 30 అడుగుల మేడ ఉంటే, ఎండ గోడ అడుగుదాకా దిగాలంటే సూర్యుడు 56 డిగ్రీల ఎత్తుకి రావాలి. అప్పటికి ఎండ నిలువుగా పడుతుంది, చూరు నీడ సగం గోడని నల్లగా చేస్తుంది. అందుకే వన్‌టౌన్‌లో మబ్బు రోజులే మంచివి, లేదా ఎండ వీధిలోకి రాకముందు గంట. షట్టర్లు కూడా అప్పటికి తెరవరు, ముందు బళ్ళుండవు. కానీ షట్టరు వేసిన ఫొటో ఒక్కటే ఉంటే కొట్టు పోయినట్టే. తెరిచాక ఇంకోసారి తీయండి.

వెడల్పు రోడ్ల మీద ఎండ లెక్క వేరు. దక్షిణం చూసే ముఖాలకి డిసెంబరు మంచిది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఉత్తరం చూసే ముఖాలకి మధ్యాహ్నపు ఎండ తగిలేది మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే, అదీ నెత్తి మీద నుంచి గీరుకుంటూ. మే నెలలో కూల్చివేత నోటీసు పడితే తప్ప ఆ గోడల్ని మబ్బులోనే తీయండి.

కరెంటు తీగలు, కేబుళ్ళు, ఫ్లెక్సీలు ఫొటోలోంచి చెరపొద్దు. ఈ కాలంలో ఆ మేడ ముఖం అలాగే ఉంది. ఫ్లెక్సీ గచ్చు పనిని కప్పేస్తుంటే కొట్టువాళ్ళని అడిగి ఓ పావుగంట పక్కకి లాగించి రెండు రకాలా తీయొచ్చు. వచ్చే పోయే బళ్ళు మాత్రం చిక్కే. ట్రైపాడ్ కదపకుండా నిమిషానికొకటి చొప్పున ఓ 15 ఫొటోలు తీసి, ఫొటోషాప్‌లో మీడియన్ పద్ధతిలో కలిపితే కదిలేవన్నీ మాయమవుతాయి. ఆగి ఉన్న ఆటో మాయం కాదు. ఆ 15లో ఒకటి, మనుషులు ఉన్నది, అలాగే దాచండి.

పోలరైజర్ ఫిల్టరు వద్దు. ఇంత వైడ్‌లో ఆకాశం ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా వస్తుంది, షిఫ్ట్ చేస్తే ఫిల్టరు రింగు మూలల్లో నీడ వేస్తుంది. మూలల చీకటిని లైట్‌రూమ్ లెన్స్ ప్రొఫైల్ కూడా సరిగ్గా తీయలేదు. లెన్సు నడిమి ఎటు జరిగిందో దానికి తెలీదు కదా. షిఫ్ట్ అలాగే ఉంచి, లెన్సు ముందు తెల్లటి పాల రంగు అక్రిలిక్ ముక్క పెట్టి ఒక ఫొటో తీసుకుంటే, ఆ చీకటిని తీసే ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్‌లో అది పనికొస్తుంది.

ఎక్కడ పనికిరాదు

బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ మ్యూజియం (ఇప్పటి బాపు మ్యూజియం) లాంటి, 1887లో మొదలైన, ముందు ఆవరణ ఉన్న భవనానికి ఈ లెన్సు అక్కర్లేదు. వెనక్కి జరిగి 35 లేదా 50 ఎంఎంతో మట్టంగా తీస్తే ఇంకా సహజంగా ఉంటుంది. గుంటూరు జిన్నా టవర్ కూడా అంతే, నాలుగు దిక్కులా చోటుంది. దాని గురించి ఒక మాట. 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు. కట్టడం అక్కడే ఉన్నా, అంతకు ముందరి ముఖం ఇక ఫొటోల్లోనే ఉంది. కూల్చివేత వార్త వచ్చాకే కెమెరా తీద్దామనుకుంటే ఇలాంటివి తప్పిపోతాయి. ప్రతి ఫొటోకీ తేదీ ఉండాల్సింది ఇందుకే.

గుంటూరు శంకర్ విలాస్ దగ్గరి పాత రైల్వే ఓవర్ బ్రిడ్జి స్థానంలో కొత్తది కట్టే పని 2025లో మొదలైంది. అలాంటి పొడవాటి కట్టడానికి ఒక్క చోట నిలబడి షిఫ్ట్ చేస్తే ఏమీ రాదు. పక్కనుంచి వరసగా సమాన దూరాల్లో తీసుకుంటూ పోవాలి, 50 ఎంఎం చాలు. రైల్వే స్థలంలో అడుగు పెట్టేట్టయితే రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఉండవల్లి గుహలలాంటి చోట్ల ట్రైపాడుకి కూడా అనుమతి కావాలి.

ఖాళీ స్థలాలకి షిఫ్ట్ లెన్సు ఏమీ చేయలేదు. విజయవాడ స్వరాజ్ మైదానం పుస్తకాల పండగలు చూసిన చోటు, 2024 జనవరి నుంచి అక్కడ అంబేద్కర్ స్మృతివనం ఉంది. మైదానం ఆనవాలంటే దాని చుట్టూ ఏముందో, గేట్లు ఎక్కడున్నాయో అన్నదే, దానికి నలుమూలల నుంచి మామూలు పనోరమాలు సరిపోతాయి.

మెట్రో మొదటి దశ ప్రతిపాదనలో గన్నవరం నుంచి పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌కి ఒకటి, అక్కడినుంచి పెనమలూరుకి ఒకటి, రెండు కారిడార్లున్నాయి. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు ముఖాలు తీయదలచినవాళ్ళు వాటితోనే మొదలుపెట్టడం తెలివైన పని. ఆ రోడ్లు వెడల్పు కాబట్టి ఖర్చు లేకుండా ఉన్న లెన్సుతోనే అయిపోతుంది. షిఫ్ట్ లెన్సు అద్దె రోజుల్ని వన్‌టౌన్ సందులకి దాచుకోండి.

వేరే లెన్సులు

సమ్యాంగ్ టీ-ఎస్ 24 ఎంఎం ఎఫ్/3.5 ధర బాగా తక్కువ, షిఫ్ట్ అదే 12 ఎంఎం. అంచుల్లో కెనాన్ అంత తేటగా ఉండదు, ఎపర్చరు రింగు చేత్తో తిప్పాలి, ఫైలులో ఎపర్చరు నమోదు కాదు. సొంతానికి కొనాలనే పట్టుదల ఉన్నవాళ్ళకి, పనంతా ఎఫ్/11 దగ్గరే కాబట్టి, ఇది చెడ్డ ఎంపిక కాదు. లావోవా 15 ఎంఎం షిఫ్ట్ లెన్సు 11 ఎంఎం జరుగుతుంది, టిల్ట్ లేదు. అదే 20 అడుగుల నుంచి 40 అడుగులు దాటి అందుకుంటుంది. రెండంతస్తుల పైన మేడలకి అదే దిక్కు. వివరం మాత్రం పలచబడుతుంది.

కెనాన్‌లోనూ ఒక లోటుంది. ఎంత షిఫ్ట్ చేశామో ఫైలులో నమోదు కాదు. అందుకని నోటు పుస్తకంలో ఫొటో నంబరు, షిఫ్ట్ మిల్లీమీటర్లు, కెమెరా ఎత్తు, గోడకి దూరం, ముఖం ఏ దిక్కు, తేదీ రాసుకోవాలి. ఇంటికొచ్చి అవి ఫైలు వివరాల్లోకి ఎక్కించి, రా ఫైళ్ళని రెండు డిస్కుల్లోనూ, ఊరికి బయట ఇంకోచోటా ఉంచాలి. భవనాల ఫొటోలు ప్రచురించడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను అడ్డు చెప్పదు కాబట్టి వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. వీధి పేరు తెలుగులోనూ రాయండి, వెతికేవాళ్ళకి దొరుకుతుంది.

అద్దెకి తీసుకునేటప్పుడు

పెళ్ళి ఫొటోల వాళ్ళ కోసం నడిచే షాపుల్లో ఈ లెన్సు ఉండకపోవచ్చు, హైదరాబాదు నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు. వచ్చాక డిపాజిట్టు కట్టేముందు నాలుగు సంగతులు చూడండి. లెన్సుని దీపానికి ఎదురుగా పట్టి లోపల బూజు ఉందేమో చూడాలి. కృష్ణా తీరం తేమకి అది తొందరగా పడుతుంది, సాలెగూడు తీగల్లా కనిపిస్తుంది. షిఫ్ట్ 10 దగ్గర లాక్ వేసి, కెమెరాకి తగిలించి, కాసేపాగి మళ్ళీ స్కేలు చూడండి, దిగిందంటే ఆ లెన్సు వద్దు. టిల్ట్ సున్నా లాక్ పట్టుకుంటోందో లేదో చూడండి. చివరగా ఒక చదునైన టైల్స్ గోడకి ఎదురుగా షిఫ్ట్ లేకుండా ఎఫ్/3.5లో తీసి, ఎడమా కుడీ మూలలు రెండూ ఒకేలా తేటగా ఉన్నాయో పోల్చండి. తేడా ఉంటే అది ఎప్పుడో కింద పడిన లెన్సు అయ్యుండొచ్చు.

ఈ లెన్సుకి దుమ్ము, నీళ్ళు ఆపే రబ్బరు సీళ్ళు లేవు, జరిగే భాగాలు బయటికే ఉంటాయి. కూల్చివేత జరుగుతుండగా తీయాల్సి వస్తే, పాత మద్రాసు మిద్దె లోపలి టేకు దూలాలూ, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలూ బయటపడేది ఆ ఒక్క రోజే కాబట్టి తప్పక వెళ్ళాలి, కానీ దీంతో వద్దు. పాత 50 ఎంఎంకో ఫోనుకో ప్లాస్టిక్ కవరు చుట్టి, దుమ్ము మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి తీయండి. షిఫ్ట్ లెన్సు పని అంతకు ముందే అయిపోయుండాలి. రాత్రి దాన్ని సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, తిరిగిచ్చే ముందు షిఫ్టూ టిల్టూ రెండూ సున్నాకి తెచ్చి లాక్ వేయండి.